మురుగు కదలకముందే మనుషులు కదలాలా?

ఎర్ర రంగుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఆర్, బి, ఎక్స్. 2024 సెప్టెంబరు చివరి వారంలో హైదరాబాదు చాదర్‌ఘాట్ పరిసరాల్లోని మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద అధికారులు ఈ గుర్తు వేసి వెళ్లారు. నదీగర్భంలో ఉన్న ఇల్లు అని దాని భావం. అక్టోబరు మొదట్లోనే ఖాళీ అయిన ఇళ్లను పడగొట్టడం మొదలైంది. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ఫైళ్లు మోసినవాణ్ణి గనుక, ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట తట్టిన ప్రశ్న గుమాస్తా ప్రశ్నే: గోడ మీది ఈ రాతకు ఫైలు నంబరు ఏది? నోటీసు ఎవరి పేర ఇచ్చారు? అందినట్టు సంతకం ఎవరు పెట్టారు?

బుచ్చయ్యపేటలో కూర్చున్నవాడికి మూసీ గొడవ ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. మాకు రివర్‌ఫ్రంట్ లేదు. మా ప్రాంతానికి తెలిసింది గెడ్డలు, చెరువులు, చెరకు పొలాల మధ్య సాగే కాలువలే. అయితే పల్లె నీటికీ నగర దాహానికీ ఉన్న పేచీ మాకు కొత్త కాదు. శారదా నది మీది రైవాడ జలాశయం నుంచి కాలువ వెంట విశాఖకు నీళ్లు పోతుంటే, ఆ నీరు మా పొలాలకే దక్కాలని చోడవరం ప్రాంత రైతులు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. రెండో కారణం సొంతది. మా పెద్దమ్మ మనవరాలు పెళ్లయ్యాక చాదర్‌ఘాట్ దగ్గర అద్దె గదిలో కాపురం పెట్టింది. భర్త దర్జీ. గుర్తులు వేసిన వారంలో ఫోన్ చేసి, "మామూ, ఇల్లు యజమానిది, ఎర్ర గుర్తేమో మా గుమ్మం పక్కన పడింది. మేము ఎవరి లెక్కలోకి వస్తాం?" అని అడిగింది. ఆమెకు ఆ రోజు నేను సరైన జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం చాలావరకు ఆ జవాబే.

ముందుగా ఒక సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. మూసీని బాగుచేయవద్దని నేను అనను. అలా అనే మన నాయకుల మాట నాకు రుచించదు. వికారాబాదు జిల్లా అనంతగిరి కొండల్లో తేటగా పుట్టే నది, నగరం దాటేసరికి నల్లటి నురగై నల్లగొండ పొలాల్లోకి పారుతోంది. ఆ నీటితో పండిన వరి, ఆకుకూరలు, ఆ నీటి పక్కన పెరిగిన పశువుల పాలు ఎవరి ఇంటికి చేరుతున్నాయో అందరికీ తెలుసు. ఒడ్డున ఉండటం క్షేమమని కూడా అనలేను. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు వరద మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి వచ్చింది. ప్రయాణికులను తాళ్లు పట్టించి బయటికి తీయాల్సి వచ్చింది. మూసానగర్, శంకర్‌నగర్ ప్రజలు ఇళ్లు వదిలి శిబిరాలకు పోయారు. ఇంత జరిగాక కూడా 'ఎవరూ కదలనక్కరలేదు' అని పేదవాడి చెవిలో ఊదేవాడు అతడి మేలు కోరేవాడు కాడు. నా తగవు కదలడం మీద కాదు, వరుస మీద. ఏది ముందు, ఏది తర్వాత? ఎవరు ముందు, ఎవరు తర్వాత?

ఈ వరుసను నూరేళ్ల కిందట ఈ నగరమే ఒకసారి పాటించి చూపింది.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. సుమారు పదిహేను వేల మంది చనిపోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ దవాఖానా తోటలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు నేటికీ ఉంది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ నది ఒడ్డుకు వచ్చి, అక్కడి హిందువులు చెప్పిన విధంగా నదికి పూజాద్రవ్యాలు సమర్పించాడని పాతబస్తీలో ముసలివాళ్లు చెప్పుకుంటారు. అది చరిత్రో కథో పండితులు తేల్చుకోవచ్చు. ఖాయంగా తెలిసింది ఏమంటే, ఆ తర్వాతి సంవత్సరం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన నగరంలోని ఒడ్డుల దగ్గర ఆగిపోలేదు, పైకి చూశాడు. నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో అక్కడే పట్టి నిలపాలన్నాడు. ఆ సలహా ఫలితమే గండిపేట దగ్గర మూసీ మీద 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. నగరంలోపల మురుగు పారుదల, ఎత్తు పెంచిన కట్టలు, వాటి మీద బాటలు, తోటలు కూడా ఆయన పథకంలోనివే. 1912లో ఏడవ నిజాం ఉస్మాన్ అలీఖాన్ ఏర్పాటు చేసిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించింది, ఇళ్లను కూడా కట్టించింది. హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, సిటీ కళాశాల, ఆసఫియా గ్రంథాలయం ఒకటొకటిగా ఆ ఒడ్డున లేచాయి. ఈనాడు 'వారసత్వ నదీతీరం' అని రంగు రంగుల బొమ్మల్లో చూపేది వీటినే. ఆ తీరానికి అందం వచ్చింది పైన జలాశయం, కింద మురుగు కాలువ, ఒడ్డున వైద్యశాల, న్యాయస్థానం, బడి వచ్చాకే. షికారు చివరిది.

నిజాములను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. ఆ పాలనలో పల్లె రైతు ఏమనుభవించాడో తెలంగాణకు తెలుసు. కానీ మన చరిత్రను పాఠ్యపుస్తకాల్లో ఒక మచ్చగా కుదించాలని చూసేవారికి, ఆ ఒడ్డున నడుస్తూ ఎవరి హయాంలో కట్టిన గోడ నీడలో నిలుచున్నారో ఒకసారి గుర్తుచేయడం తప్పు కాదనుకుంటాను.

ఇక నేటి వరుస చూద్దాం. యాభై అయిదు కిలోమీటర్ల పొడవున మూసీని తీర్చిదిద్దుతామన్నారు. హైదరాబాదు మహానగరపాలక సంస్థ పరిధిలో రోజుకు పుట్టే మురుగు సుమారు 165 కోట్ల లీటర్లని కొన్నేళ్ల కిందట అధికారికంగానే చెప్పారు. అప్పటికి శుద్ధి చేయగల సామర్థ్యం 77 కోట్ల లీటర్లు. తక్కిన సగానికి పైగా చేరేది నదికే. ఈ లోటు తీర్చడానికి 3,866 కోట్ల రూపాయలతో 31 కొత్త శుద్ధి కేంద్రాలు తలపెట్టారు. అన్నీ కలిపి వాటి సామర్థ్యం దాదాపు 126 కోట్ల లీటర్లు. ఇది మంచి పని, ఎవరు మొదలుపెట్టినా ఎవరు ముగించినా మెచ్చుకోవలసిన పని. అయితే ప్రతి నాలా నోటి దగ్గరా మురుగును ఆపి, శుద్ధి చేసి, ఆ తర్వాతే నదిలోకి వదులుతున్నామని చెప్పగలిగే రోజు కోసం ఆగకుండా గోడల మీద ఎర్ర రంగు ఎందుకు పూశారు? మూసానగర్ ఇంటి మరుగుదొడ్డి మూసీని చంపలేదు. నది వాసన వెనుక బహుళ అంతస్తుల భవనాలున్నాయి, రసాయన పరిశ్రమలున్నాయి, మురుగును వాన కాలువలోకి కలిపేసిన కాలనీలున్నాయి. వాటి గోడల మీద ఏ అక్షరాలూ పడలేదు.

పైకి చూసే అలవాటు కూడా పోయింది. జంట జలాశయాల పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో 84 గ్రామాలకు వర్తించేలా జీవో 111 ఇచ్చారు. పెద్ద కట్టడాలు, పరిశ్రమలు రాకుండా పెట్టిన కట్టు అది. 2022 ఏప్రిల్‌లో నాటి ప్రభుత్వం జీవో 69 ద్వారా ఆ కట్టు విప్పింది. ఎగువన విల్లాల వాళ్లకు వాకిలి తెరిచింది ఒక ప్రభుత్వం, దిగువన గుడిసె తలుపుకు గుర్తు వేసింది ఇంకో ప్రభుత్వం. వీళ్లిద్దరూ అసెంబ్లీలో ఒకరి మీద ఒకరు కేకలు వేసుకుంటారు. మూసీ అభివృద్ధి సంస్థను 2017లో నెలకొల్పింది అప్పటి ప్రభుత్వమేననీ, అంతకు చాలా ముందే, తొంభయ్యో దశకం చివర, ఉమ్మడి రాష్ట్రంలో 'నందనవనం' పేర మూసీ ఒడ్డు పేదలను తరలించారనీ గుర్తుంచుకుంటే, ఈ విషయంలో కడిగిన ముత్యం ఏ జెండా కిందా దొరకదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు బస్తీలో బిర్యానీ తినేవారు, అధికారంలోకి రాగానే అదే బస్తీని పటంలో నీలం రంగుతో నింపుతారు.

ఆక్రమణ అనే మాట గురించి కూడా కొంచెం మాట్లాడాలి. 1994లో తెరిచిన బస్ స్టేషన్ ఎక్కడుంది? నది రెండు పాయల మధ్య. దాని పక్కన మెట్రో స్టేషన్ ఎక్కడుంది? అక్కడే. ప్రభుత్వం నదిలో కట్టుకుంటే అది సౌకర్యం, మేస్త్రీ కట్టుకుంటే అది ఆక్రమణ. బస్ స్టేషన్ కూల్చమని నేను అనడం లేదు. కొలబద్ద ఒకటే ఉండాలంటున్నాను.

నమూనాగా చూపుతున్న ఊళ్ల సంగతి. మన పక్కనే ఉన్న ఉదాహరణ అహ్మదాబాదు సబర్మతి. పది వేలకు పైగా కుటుంబాలు ఆ ఒడ్డు నుంచి లేచిపోయాయి. వారిలో ముస్లింలు, దళితులు ఎక్కువ. ఎంతోమందిని వత్వా వంటి నగరపు అంచులకు పంపారు. రోజుకూలీ చేసుకునేవాడికి ఊరి మధ్య నుంచి అంచుకు పోవడమంటే బస్సు చార్జీకే సగం కూలీ పోవడం, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకు ఆ ఇళ్లే పోవడం. ఇంత చేశాక నది బాగుపడిందా? నడకదారి ముందు కనిపించే నిండైన నీరు నర్మదా కాలువ నుంచి తెచ్చి నింపింది. నగరం దాటాక ఆ నది దేశంలోని మిక్కిలి కలుషితమైన నదుల జాబితాలో ఉంది. 2021లో గుజరాత్ హైకోర్టు తనంతట తానే ఆ కాలుష్యంపై విచారణకు పూనుకోవలసి వచ్చింది. అద్దం ముందు బొట్టు దిద్ది వెనక మురికి వదిలేసినట్టు ఉంది.

2024 అక్టోబరులో తెలంగాణ మంత్రులు, అధికారుల బృందం దక్షిణ కొరియా రాజధాని సియోల్ వెళ్లి, అక్కడి చోంగ్‌గేచోన్ కాలువను చూసి వచ్చింది. పైవంతెన కింద పూడ్చిపెట్టిన పాత నగర కాలువను 2003 నుంచి 2005 వరకు తవ్వి వెలికితీసి, దాదాపు ఆరు కిలోమీటర్ల నడకదారి చేశారు. చూడముచ్చటైన చోటే, సందేహం లేదు. మన బృందం చూసిందో లేదో గానీ ఆ కథకు ఇంకో సగం ఉంది. కాలువ పక్కన దశాబ్దాలుగా బతికిన వీధి వ్యాపారులను తొలగించి, దగ్గర్లోని దోంగ్దేమూన్ క్రీడామైదానంలో చోటిచ్చారు. కొన్నేళ్లకే ఆ మైదానాన్నీ కూల్చి పెద్ద ప్రదర్శనశాల కట్టారు. వ్యాపారులు మళ్లీ మూట కట్టుకున్నారు. కాలువలో పారే నీరు కూడా ఎక్కువ భాగం హాన్ నది నుంచి మోటార్లతో తోడి పోసేదే.

మూసీకి కూడా అలాంటి ఏర్పాటే తలపెట్టారు. మల్లన్నసాగర్ నుంచి గోదావరి నీటిని తెచ్చే రెండు, మూడు దశల పథకానికి 7,360 కోట్ల అంచనాతో 2025 సెప్టెంబరులో శంకుస్థాపన జరిగింది. ఇరవై టీఎంసీలలో రెండున్నర టీఎంసీలు మూసీ పునరుజ్జీవానికి. మల్లన్నసాగర్ ఎక్కడిది? వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ వంటి ఊళ్లు మునిగి ఏర్పడిన చెరువు. ఊళ్లు పోగొట్టుకున్నవారి నీళ్లతో, ఇళ్లు పోగొట్టుకోబోయేవారి ఒడ్డును అలంకరిస్తారన్న మాట.

మన ఆంధ్రలో ఇంతకన్నా దగ్గరి అనుభవం ఉంది. బెజవాడ మధ్యలో ఏలూరు, బందరు, రైవస్ కాలువలు పారుతున్నాయి. కాటన్ దొర కాలంలో ఆనకట్టతో పాటు వచ్చినవి అవి, ఒకప్పుడు సరుకుల పడవలు నడిచినవి. వాటిని సుందరం చేయాలన్న మాట ప్రతి ప్రభుత్వమూ అంటుంది, మంచిదే. ఆ కట్టల మీద నుంచి లేపిన పేదలకు ఇళ్లిచ్చిన చోట్లలో జక్కంపూడి కాలనీ ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు తెగినప్పుడు జక్కంపూడి, సింగ్‌నగర్, వాంబే కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కాలువ ప్రమాదమని లేపినవాళ్లను వాగు దారిలో కూర్చోబెట్టారు. పునరావాస స్థలాన్ని ఎంపిక చేసేటప్పుడు వరద పటం చూసే బాధ్యత ఎవరిదో ఏ ఉత్తర్వులోనూ నాకు కనిపించలేదు. మూసానగర్ వారిలో కొందరికి మలక్‌పేట పిల్లిగుడిసెల్లోని రెండు పడకల ఇళ్లు ఇచ్చారు. దూరం తక్కువ, ఇల్లు పక్కాది, అందుకు ప్రభుత్వాన్ని తప్పుపట్టను. అందరికీ అలాగే ఇవ్వండి, పిల్లల బడి మారకుండా ఇవ్వండి, తాళంచెవితో పాటు హక్కుపత్రం ఇవ్వండి అంటున్నాను.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్నకు వస్తాను. అద్దెకున్నవాళ్లు ఎవరి లెక్క?

2013 భూసేకరణ, పునరావాస చట్టంలో 'ప్రభావిత కుటుంబం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనం ఇంటి యజమానితో ఆగదు. సేకరణకు ముందు మూడేళ్లు, అంతకు పైబడి పట్టణ ప్రాంతంలో ఆ భూమి మీద నివసిస్తున్న కుటుంబం అందులోకి వస్తుంది. ఆ సేకరణ వల్ల జీవనోపాధి దెబ్బతినే కుటుంబమూ వస్తుంది. దర్జీ మిషను పెట్టుకున్న గది అద్దెదైనా అతని బతుకు అక్కడిదే. 'ఇది ప్రభుత్వ భూమి, సేకరణే లేదు, కాబట్టి ఆ చట్టం వర్తించదు' అని అధికారులు అంటారు. ఇక్కడే కాగితం కావాలి. మూసీ ఒడ్డున పట్టా భూములున్నాయి, నోటిఫై అయిన బస్తీలున్నాయి, రిజిస్టరైన దస్తావేజులున్నాయి, ఏమీ లేనివీ ఉన్నాయి. అన్నిటికీ ఒకే ఎర్ర రంగు పూయడం సర్వే అనిపించుకోదు. తెలంగాణ హైకోర్టు కూడా 2024 నవంబరులో సామాజిక, ఆర్థిక సర్వే చేసి పునరావాసం చూపాలనీ, పట్టా భూములైతే చట్టప్రకారం పరిహారం ఇచ్చి తీసుకోవాలనీ చెప్పింది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజరు కూల్చివేతలపై ఇచ్చిన తీర్పును మనవాళ్లు చాలామంది తాయెత్తులా పట్టుకు తిరుగుతున్నారు. పదిహేను రోజుల నోటీసు, విచారణ, అప్పీలుకు గడువు అని అందులో ఉన్నమాట నిజమే. కానీ రోడ్లు, కాలిబాటలు, రైలు మార్గాల పక్క స్థలాలు, నదులు, జలవనరుల దగ్గరి అనధికార కట్టడాలకు ఆ ఆదేశాలు వర్తించవని అదే తీర్పు మినహాయింపు ఇచ్చింది. వేదికల మీద ఉపన్యసించేవారు ఈ వాక్యం దాకా చదివినట్టు లేదు. మూసీ ఒడ్డువాడికి ఆ తాయెత్తు పనిచేయదు. అతణ్ణి కాపాడేది 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనన్న సూత్రం, 2013 చట్టం, చేతిలోని కాగితాలు.

కాగితం విలువ ఏపాటిదో నా ఉద్యోగంలో చూశాను. మా ప్రాంతంలో గెడ్డ పోరంబోకులో పాక వేసుకున్న ఒక చాకలి వృద్ధుడు ఉండేవాడు. ఆక్రమణదారుడివని ఏటేటా బి-మెమో ఇచ్చి జరిమానా కట్టించుకునేవారు. అతడు ఆ రసీదులన్నీ రేకుడబ్బాలో దాచాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఇళ్ల స్థలాల జాబితా తయారైనప్పుడు 'నువ్విక్కడ ఉన్నట్టు రుజువేమిటి' అని ఒక అధికారి గద్దించాడు. వృద్ధుడు డబ్బా తెరిచాడు. ఏ కాగితం అతణ్ణి దొంగ అన్నదో, ఆ కాగితమే అతడు అక్కడ ఉన్నాడని సాక్ష్యం చెప్పింది. వేరేచోట స్థలం మంజూరైంది. ఆ ఫైలుకు నోటు రాసింది నేనే గనుక చెబుతున్నాను: జరిమానా రసీదు కూడా పారేయకండి. ఇంటిపన్ను, కరెంటు బిల్లు, నల్లా బిల్లు, రేషన్ కార్డు, పిల్లల బడి ధ్రువపత్రం, ఓటరు జాబితా పేజీ, గ్యాసు పుస్తకం ఏదైనా సరే. నలభై ఏళ్లు పన్ను పుచ్చుకున్న సర్కారు నలభై ఒకటో ఏట 'నువ్వెవరు' అని అడిగితే, ఆ రసీదుల కట్టనే ముందుకు తోయాలి.

ఒడ్డున మనుషులే కాదు, మన పెద్దల అమానత్ కూడా ఉంది. పురానాపుల్ 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన వంతెన. దానికి చేరువలో కుతుబ్‌షాహీల కాలపు మియాఁ మిష్క్ మస్జిద్ ఉంది. లంగర్‌హౌజ్ నుంచి చాదర్‌ఘాట్ దాటేదాకా మస్జిదులు, దర్గాలు, ఆషుర్‌ఖానాలు, ఖబరస్తాన్‌లు. ఇవి వారసత్వమా కాదా? ప్రణాళికా పటంలో వీటి ఎల్లలు వక్ఫ్ గెజెట్‌లో ఉన్నట్టే ఉన్నాయా, లేక 'పచ్చటి మైదానం' అన్న రంగులో కలిసిపోయాయా? ఖబరస్తాన్ గోడ మూడు గజాలు లోపలికి జరిగితే అక్కడ పడుకున్నవారు ఫిర్యాదు చేయలేరు. 2025 ఏప్రిల్ 8 నుంచి అమలులోకి వచ్చిన వక్ఫ్ సవరణ చట్టం తర్వాత ఈ పని మరింత తొందరైనది. వాడుక ద్వారా వక్ఫ్ అన్న భావనకు ముందుకాలంలో చోటు లేకుండా చేశారు. ఇదివరకే నమోదై, వివాదం లేని, ప్రభుత్వ భూమి కాని వాటికే ఆ రక్షణ మిగిలింది. నదీతీరంలోని పాత ఖబరస్తాన్ మీద 'ఇది నది పోరంబోకు' అని ఒక్క గీత పడితే చాలు, వివాదం పుట్టినట్టే. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న కొన్ని సెక్షన్లను తాత్కాలికంగా నిలిపినా, నమోదు చేయాలన్న నియమాన్ని నిలపలేదు. ఉమీద్ పోర్టల్‌లో వివరాలెక్కించే ఆరు నెలల గడువు 2025 డిసెంబరు మొదటి వారంతో గడిచింది. మీ మొహల్లా ముతవల్లీ గారు ఎక్కించారా లేదా అని అడిగారా?

ఆ ప్రశ్న దగ్గరే మన ముఖం మనం అద్దంలో చూసుకోవాలి. నది పక్క భూమిని ముక్కలు చేసి, స్టాంపు కాగితం మీద రాసి, 'ఏం ఫరవాలేదు భాయ్, మనవాళ్లే పైన ఉన్నారు' అని పల్లెల నుంచి వలస వచ్చిన అమాయకుడికి అమ్మినవాళ్లలో కలిమా చదివేవారు లేరా? వక్ఫ్ దుకాణాలను నామమాత్రపు అద్దెకు బంధువులకిచ్చినవారు లేరా? జుమా ఖుత్బాలో ఇతరుల దౌర్జన్యం మీద అరగంట మాట్లాడగలం, ఇది మాత్రం గొంతు దాటదు. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న బోధ మనది. ఆ పొరుగువాడికి నదీగర్భంలో ప్లాటు అంటగట్టినవాడి గురించి మౌల్వీ సాహెబులు ఒక శుక్రవారం మాట్లాడాలని నా మనవి.

ఇంకొకటి. ఇదంతా ముస్లింల మీద పన్నిన కుట్ర అని నినాదమిచ్చేవారితో నేను ఏకీభవించను. ఒడ్డున మనవాళ్లు అధికంగా ఉన్నారన్నది నిజం. వాళ్లు అక్కడికి చేరడానికి ఊళ్లో అద్దె దొరకకపోవడం, పేరు వినగానే 'ఇల్లు ఖాళీ లేదు' అనడం కూడా కారణమన్నదీ నిజం. ఆ వివక్ష గురించి మాట్లాడదాం. కానీ అదే వరుసలో పక్క గోడ చాకలిది, దాని పక్కది మాదిగ కూలీది, ఆ పక్కది పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీది. వాళ్ల గోడల మీదా అవే అక్షరాలు. మన నినాదం మనల్ని వాళ్ల నుంచి విడదీస్తే సంతోషించేది ఎవరో వేరే చెప్పాలా? బస్తీ కమిటీ ఒక్కటే ఉండాలి, దాని సంతకాల జాబితాలో అన్ని పేర్లూ ఉండాలి.

మూసీ ఒడ్డున నడకదారి వేస్తే మా మనవరాలి పిల్లలు కూడా అక్కడ నడవాలి. చింతచెట్టు కథ వాళ్లకు చెప్పే పలక అక్కడుండాలి, తెలుగులో, ఉర్దూలో. తోపుడుబండ్లకు, చాయ్ కొట్లకు తొలి హక్కు ఆ ఒడ్డు నుంచి లేచినవారికి రాసిచ్చి, వేలంపాట తర్వాత పెట్టుకోవాలి. ఈ షరతులు టెండరు పత్రంలో ముందే ఉండాలి. ప్రారంభోత్సవం రోజు ఇచ్చిన హామీ మరుసటి రోజు ఏ ఫైలులోనూ దొరకదని గుమాస్తాగా నాకు తెలుసు.

చాదర్‌ఘాట్, జియాగూడ, అంబర్‌పేట వైపు పనిచేస్తున్న యువకులకు నా సూచన. సమాచార హక్కు చట్టం కింద మూడు దరఖాస్తులు వేర్వేరుగా పెట్టండి. ఒకటి మూసీ అభివృద్ధి సంస్థకు: గుర్తులు వేసిన ఇళ్ల జాబితా, సర్వే నంబర్ల వారీగా, అద్దెదారుల పేర్లతో సహా, ఏ ఉత్తర్వు ప్రకారం వేశారో దాని నకలు. రెండోది జలమండలికి: నదిలోకి కలిసే నాలాల్లో ఎన్నింటి మురుగు నేటికి శుద్ధి కేంద్రానికి మళ్లింది, ఎన్నింటిది మళ్లలేదు. మూడోది వక్ఫ్ బోర్డుకు: నదికి రెండు వైపులా గెజెట్‌లో ఉన్న ఆస్తుల జాబితా, వాటిలో ఉమీద్‌లో నమోదైనవెన్ని. ప్రశ్నలు పొట్టిగా రాయండి, ఉపన్యాసం రాయకండి. రుసుము పది రూపాయలు. రసీదు తీసుకోండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ తర్వాతి ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. ముసాయిదా రాయడం కష్టమైతే పత్రిక కార్యాలయానికి పంపండి, సంపాదకులు నాకు చేరుస్తారు, నేను సరిచూసి పంపుతాను.